చూడని సింహము

పరకాల ప్రాంతమున ఏ ఉన్నత పాఠశాలలోనైనను హాజరుపట్టీ తెరచి చూచినచో నర్సయ్య, నర్సింహులు, నరసింహారెడ్డి, నర్సమ్మ వంటి పేర్లు ఒకటి రెండయినను అగపడకపోవు. ఆ పేర్లలో సింహమున్నది. అదే పట్టీలో ఇంటిపేర్లు చూచుచు పోయినచో ‘పులి’ అను ఇంటిపేరు కూడ తగులవచ్చును. మొదటిది గుడిలోని దేవుని పేరు. రెండవది అడవిలో తిరుగు మృగము పేరు. చూచుటకు ఇది చిన్న భేదమే. కాని దీని వెనుక జంతుశాస్త్రమునకు సంబంధించిన పెద్ద సంగతి ఒకటి దాగియున్నది. తెలుగువారు ఇన్ని శతాబ్దములుగా కొలిచిన, చెక్కిన, పేరు పెట్టుకొనిన సింహము చారిత్రక కాలమున తెలుగునాటి అడవులలో తిరిగినట్లు నమ్మదగిన ఆధారము లేదు.

యాదగిరిగుట్ట, ధర్మపురి, అహోబిలము, మంగళగిరి, సింహాచలము - నరసింహ క్షేత్రములకు తెలుగుదేశమున కొదువ లేదు. ములుగు జిల్లాలో గోదావరికి చేరువగా మల్లూరు గుట్టపై హేమాచల నరసింహస్వామి ఆలయమున్నది. దాని చుట్టును అడవియే. ఇట్టి అడవులలో పులి తిరిగినది, చిరుత తిరిగినది, ఎలుగు తిరిగినది. సింహము మాత్రము గర్భగుడిలోనే ఉన్నది.

భాష కూడ ఈ సంగతినే చెప్పుచున్నది. పులి అనునది అచ్చ తెలుగు మాట. తమిళ మలయాళములలోను అది పులియే, కన్నడమున హులి. ఏనుగు, ఎలుగు, తోడేలు, నక్క, దుప్పి ఇవి అన్నియు దేశ్యములే. అడవిలో ఎదురుపడిన ప్రతి మృగమునకు పల్లెవాడు తన నోటి మాటను పెట్టుకొన్నాడు. సింహమునకు అట్టి మాట లేదు. సింగము అన్నచో అది సంస్కృతపు సింహమునకు తద్భవమే. కేసరి, మృగేంద్రము, పంచాస్యము ఇవన్నియు కావ్యములనుండి దిగివచ్చినవి. పీర్ల పండుగనాడు పులివేషము కట్టువాడు ఒంటినిండ చారలు దిద్దుకొని, పులి పొంచుటను, తోక విసరుటను అచ్చముగ అభినయించును. సింహము అట్లు వీధిలోనికి రాలేదు. ప్రహ్లాద నాటకములో నరసింహుని ముఖకవచముగ రంగస్థలము మీదికి మాత్రమే వచ్చినది.

అయితే ఎరువు తెచ్చుకొనిన మాట ఒక్కటే శాస్త్రజ్ఞునకు చాలిన సాక్ష్యము కాదు. సింహము ఎక్కడెక్కడ నివసించినదో వేటగాండ్రును, యాత్రికులును, ప్రభుత్వోద్యోగులును వ్రాసిపెట్టిన కథనములను కలిపి చూడవలెను. ఒకప్పుడు సింహము ఆఫ్రికాలో సహారా నడిబొడ్డును, కాంగో వర్షారణ్యములను తప్పించి తక్కిన భూభాగములందు చాలవరకు ఉండెడిది. గ్రీసు దేశమునకు ఉత్తరమున కూడ ఉండెడిది. క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్‌క్సెస్ సేనలు ఆ దారిని పోవునపుడు వాని సామాను మోయు ఒంటెలపై సింహములు పడినవని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ వ్రాసినాడు. అక్కడినుండి టర్కీ, ఇరాకు, ఇరానుల మీదుగ సింహము భారతదేశమునకు వ్యాపించినది. మన దేశమున పంజాబు, హర్యానా, రాజస్థానము, గుజరాతు, మధ్యభారతము, తూర్పున నేటి ఝార్ఖండ్‌లోని పాలమూ వరకు దాని ఉనికి కనిపించును. దక్షిణమున నర్మదానది దాని ఎల్ల. ఆ ఏటికి ఈవల సింహమును చూచితిమని గట్టిగ చెప్పగల కథనము లేదు.

సింహము పచ్చిక బయళ్ళలో, ముండ్లపొదల నేలపై గుంపుగ బ్రతుకు జంతువు. పులి ఒంటరిగ పొంచి వేటాడు జంతువు. దానికి చాటు కావలెను. గోదావరి తీరమున ఏటూరునాగారము, తాడ్వాయి ప్రాంతపు టేకు, వెదురు అడవులు పులికి తగిన ఇల్లు. అట్టి నేలలో పులిదే పైచేయి.

శిల్పి చేతిలో సింహము

సింహము రాలేదు గాని సింహపు బొమ్మ చాల తొందరగ వచ్చినది. సారనాథమున అశోకుని స్తంభాగ్రముపై నాలుగు సింహములను అందరు ఎరుగుదురు. 1950 జనవరి 26నుండి అవి మన జాతీయ చిహ్నము. క్రీ.పూ. 3వ శతాబ్దినాటి ఆ శిల్పమున పాదముల నరములు, దవడ ఎముకలు, మీసపు మొదళ్ళు చూచినచో శిల్పికి గాని, అతనికి విద్య గరపిన వారికి గాని నిజమైన సింహము తెలియునని తోచును. ఆ కాలమున ఉత్తరదేశమున సింహములు ఉన్నవి గదా. తరువాత శాతవాహనుల నాణెములపై సింహము నిలిచినది. అమరావతి స్తూప ద్వారముల కడ సింహములు కూర్చున్నవి. విష్ణుకుండినులు సింహమునే తమ లాంఛనముగ గ్రహించి, నాణెములపై పంజా ఎత్తిన సింహమును ముద్రించిరి.

బొమ్మ దక్షిణమునకు, కాలము క్రిందికి వచ్చిన కొలది సింహము మారుచు వచ్చినది. ఈ మార్పును కన్నులార చూచుటకు పరకాల వారు దూరము పోనక్కర లేదు. భూపాలపల్లి పోవు దారినుండి ప్రక్కకు తిరిగినచో గణపురము వచ్చును. అక్కడ కాకతి గణపతిదేవుని కాలపు కోటగుళ్ళు కలవు. ఆ గుళ్ళలో చూరునకు ఆనించిన శిల్పములందు గజకేసరి ఒకటి. ఏనుగుపై ఎక్కిన మృగమునకు సగము మనిషి రూపము, సగము సింహరూపము. మరియొక దానికి గుఱ్ఱపు తల, సింహపు ఒడలు. ఇట్టి కల్పితమృగములను శిల్పశాస్త్రమున వ్యాళములందురు.

అక్కడికి కొన్ని మైళ్ళ దూరముననే పాలంపేట రామప్పగుడి ఉన్నది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించినది. గుడి చుట్టును అడుగు వరుసలో ఏనుగులు బారులు తీరి నడచుచుండును. వాటిని నింపాదిగ చూడవలెను. తొండము మడత, చెవి వంపు, కాలెత్తి వేయు తీరు, ముందరి దానికిని వెనుక దానికిని నడుమ ఎడము - ఇవి ఏనుగును దినదినము చూచినవాడు చెక్కినవి. కాకతీయుల సేనలో ఏనుగులు ఉన్నవి. అవి చెరువులో మునుగుట, మావటి మాట వినుట, వినకపోవుట శిల్పి చూచినాడు. అదే గుడిలో చూరు క్రింద నిలిచిన వ్యాళములను చూడుడు. మిడిగ్రుడ్లు, జూలు బదులు ఉంగరములు చుట్టినట్లు వరుసలు తీరిన ముంగురులు, నోటినిండ కోరలు. ఉలి ఆ ఉలియే, రాతిపై అధికారము అంతయే. ఒకటి చూచి చెక్కినది, మరియొకటి విని చెక్కినది. రాజుల కొలువునకు బోనులలో సింహములు వచ్చియుండవచ్చును. కాని పాలంపేట శిల్పికి దాని నడక తెలియలేదని రాయియే చెప్పుచున్నది. ఇది శిల్పి లోపమని భావించుట పొరపాటు. కనని జంతువును కల్పించు స్వేచ్ఛ అతనికి దొరికినది, దానిని అతడు నిండుగ వాడుకొన్నాడు.

ఇది తెలుగువారికే పరిమితమైన వింత కాదు. చైనాలో అడవి సింహము లేదు. కాని ప్రతి భవనద్వారము కడను రాతి సింహముండును. సింహళమున చారిత్రక కాలపు సింహములు లేవు. ఆ జాతి పేరులోను, జెండాలోను సింహమున్నది. సింగపూరు అనగా సింహపురము. అక్కడి అడవిలో తిరిగినది పులియే.

గజకేసరి కథ

ఏనుగు కుంభస్థలమును సింహము చీల్చును, అందుండి ముత్యములు రాలును - ఇది సంస్కృత కవుల సమయము. తెలుగు కవులు దానిని అట్లే పుచ్చుకొనిరి. రాజులు బిరుదుగ ధరించిరి. రుద్రమదేవి బిరుదు ‘రాయగజకేసరి’; అనగా శత్రురాజులను ఏనుగులకు ఆమె సింహము. ఆడుదానిని సింహాసనముపై చూడ ఇష్టపడని సామంతుల నడుమ ఆ బిరుదు వట్టి అలంకారము కాదు.

జంతుశాస్త్రము ఈ సమయమును గూర్చి ఏమనును? ఏనుగు నుదుట ముత్యములు లేవు. ముత్యము ఆల్చిప్ప వంటి మృద్వంగిలో పుట్టును. ఏనుగు నుదురు అంత ఎత్తుగ ఉబ్బియుండుటకు కారణము లోపల తేనెపట్టు వలె గాలి గదులు గల ఎముక. అంత పెద్ద తలను బరువు తగ్గించి మోయుటకు ప్రకృతి చేసిన ఉపాయమది. గుజరాతులోని గిర్ అడవిలో ఏనుగులే లేవు గనుక నేటి భారతీయ సింహమునకు ఏనుగుతో పోరు తటస్థపడదు. ఆఫ్రికాలో కూడ నిండు ఏనుగు జోలికి సింహములు సాధారణముగ పోవు. ఐనను బోట్స్‌వానా దేశమున సవూటి ప్రాంతములో పెద్ద గుంపులుగ చేరిన సింహములు రాత్రివేళ పిల్ల ఏనుగులను, ఎదుగుచున్న ఏనుగులను వేటాడుట శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. అవి కుంభస్థలమును కొట్టవు. వెనుకనుండి వీపు మీది కెక్కును. పైగా ఈ పని ఒక్క సింహము వలన కాదు. కవి చెప్పిన ఒంటరి వీరుని స్థానమున అక్కడ కనిపించునది పెద్ద బలగము.

అడవిలోని సింహము

మృగరాజు దినమున ఇరువది గంటలవరకు పడుకొనియే గడపును. ఇది విన్న విద్యార్థులు నవ్వుదురు గాని ఇందు సోమరితనము లేదు. మాంసము తినువానికి ఒక పెద్ద వేట దొరకినచో కొన్ని దినములు గడచును. పగటి ఎండలో తిరిగి శక్తిని పోగొట్టుకొనుట దండుగ. వేటలో ఎక్కువ భాగము ఆడుసింహములదే. మగసింహము వచ్చి ముందుగ తినును. ‘సింహభాగము’ అను మాట ఇంగ్లీషు నుండి అనువాదముగ మనకు వచ్చినది. దానికి మూలమైన ఈసపు కథలో సింహము పెద్దపాలు కాదు, మొత్తము తీసికొనును.

పిల్లిజాతిలో ఆడు మగ కలిసి స్థిరమైన గుంపులుగ బ్రతుకునది సింహమొక్కటియే. గుంపునకు ఆధారము తల్లులు, కూతుండ్రు, అక్కచెల్లెండ్రు. మగపిల్లలు ఎదిగిన పిమ్మట గుంపు విడిచి పోవలసినదే. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు జట్టుగ తిరిగి, మరియొక గుంపులోని పాత మగవానిని తరిమి ఆ చోటును ఆక్రమింతురు. అట్లు వచ్చిన వెంటనే ఆ గుంపులోని చిన్న కొదమలను చంపివేయుట కద్దు. పాలు త్రాగు పిల్లలు పోయిన తల్లి త్వరలో మరల ఎదకు వచ్చును. కొత్తవాని సంతతి పుట్టును. చెవికి కటువుగ ఉన్నను ఇది సింహముల సంఘమున మూలసూత్రము. గిర్ అడవిలోని ఆడుసింహములు దీనికొక ఉపాయము కనిపెట్టినట్లున్నవి. అక్కడి మగ జట్లు ఆడు గుంపులకు వేరుగ తిరుగును. వేటకు దొరకు చుక్కల దుప్పి చిన్నది. ఇన్ని నోళ్ళు కలిసి తినుటకు చాలదు. ఆడుసింహము ఒక జట్టుతోనే కాక ఇరుగుపొరుగు జట్లతో కూడ కూడును. ఏ పిల్ల ఎవరిదో ఏ మగవానికిని తెలియదు గనుక ఎవడును చంపుటకు తెగింపడు.

ఇక జూలు. సింహమును సింహముగ గుర్తింపజేయునది అదియే. శిల్పులు మక్కువతో ఉంగరములు చుట్టినదియు అదియే. అది పోరాటములో మెడకు కవచమని పూర్వము తలచిరి. అమెరికా శాస్త్రజ్ఞులు క్రెయిగ్ పాకర్, పేటన్ వెస్ట్ అనువారు టాంజానియాలోని సెరెంగెటి మైదానమున నిలువెత్తు బొమ్మ సింహములకు రకరకముల జూలు తగిలించి నిలిపి, సజీవ సింహములు ఏమి చేయునో గమనించిరి. ఆడుసింహములు నల్లని జూలుగల బొమ్మవైపు నడచినవి. మగసింహములు పొట్టి జూలు, లేతరంగు జూలు గల బొమ్మలవైపే వచ్చినవి. నల్లని, పొడుగు జూలు చూచి జంకినవి. 2002లో ప్రకటితమైన ఈ పరిశోధన వలన జూలు ఒక ప్రకటన పలక వంటిదని తేలినది. నల్లజూలు వాడు బాగుగ తినినవాడు, బలిష్ఠుడు. కాని నల్లజూలు వేడిని కూడ ఎక్కువ మోయించును. గిర్ సింహము జూలు పలుచన. చెవులు పైకి కనిపించుచుండును. పొట్ట క్రింద పొడవునను ఒక చర్మపు మడత వ్రేలాడును. మగది 160 నుండి 190 కిలోగ్రాములు, ఆడుది 110 నుండి 120 కిలోగ్రాములు తూగును. దసరా పందిళ్ళలో దుర్గమ్మ వాహనమునకు దట్టమైన జూలు పెట్టు చిత్రకారులు ఆఫ్రికా సింహమును గీయుచున్నారు. కొందరు సింహము మాని పులినే గీయుదురు. తెలుగునాటి అడవిని బట్టి చూచినచో ఆ రెండవ వారిదే సరియైన లెక్క.

ఒకే అడవి

తుపాకులు వచ్చిన తరువాత 19వ శతాబ్ది ముగియు లోపల సింహము భారతదేశమున గిర్ తప్ప తక్కిన చోట్ల నశించినది. ఇరానులో కూడ 20వ శతాబ్ది నడిమికి మాయమైనది. ఆసియా ఖండము మొత్తమునకు మిగిలినది జునాగఢ్ నవాబుల ఏలుబడిలోని ఆ ఒక్క అడవి. నవాబులు వేటను కట్టడి చేసిరి. 1936 లెక్కలో 287 సింహములు తేలినవి, 1968లో 177. గిర్ 1965లో అభయారణ్యమయినది. అప్పటినుండి సంఖ్య మెల్లగ పెరిగి, 2015లో 523, 2020లో 674, 2025లో 891 అయినది.

ఈ అంకెలు చూచి సంతోషింపవలసినదే. కాని పరకాల చుట్టుపట్టుల ప్రత్తి రైతునకు తెలిసిన సంగతి ఒకటున్నది. ఊరంతయు ఒకే వంగడము వేసినపుడు, తెగులు పట్టినచో అది ఒక చేనితో ఆగదు. గిర్ సింహములు అన్నియు కొద్దిపాటి మూలపురుషుల సంతానము. 1987లో ప్రకటితమైన పరీక్షలలో వాటి రక్తములోని ప్రోటీనులను ఒకదానితో ఒకటి పోల్చగా భేదమే అగపడలేదు. రోగనిరోధక శక్తికి ఆధారము జన్యువైవిధ్యము. అది తగ్గిన చోట ఒక వ్యాధికి ఒక సింహము లొంగినచో పక్క సింహము తట్టుకొనునను ఆశ తగ్గును.

ఆ వ్యాధి ఏదో ఊహింపనక్కర లేదు. కుక్కలకు వచ్చు డిస్టెంపర్ 1994లో సెరెంగెటి సింహములలో మూడవ వంతును పొట్టన బెట్టుకొన్నది. 2018లో అదే వ్యాధి గిర్ అడవిలోని దల్ఖానియా ప్రాంతమున కనిపించి, కొద్ది వారములలో ఇరువదికి పైగా సింహములు చనిపోయినవి. నేడు సగమునకు పైగా సింహములు రక్షితవనమునకు వెలుపల, పల్లెల నడుమ, చేల గట్లపై తిరుగుచున్నవి. ఊరకుక్కకును సింహమునకును నడుమ గోడ లేదు. గట్టులేని దిగుడు బావులలో పడి చచ్చు సింహములు వేరు, రైలు క్రింద పడునవి వేరు.

తెలుగునేల మీదికి సజీవముగ వచ్చిన సింహములు జంతుప్రదర్శనశాలలవి. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో తెరువబడినది. 2021 ఏప్రిల్ చివర అక్కడి ఎనిమిది ఆసియా సింహములకు ముక్కు కారుట, దగ్గు, ఆకలి లేకపోవుట కనిపించినవి. హైదరాబాదు లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రము వారు పరీక్షించి అవి కోవిడ్ బారిన పడినవని తేల్చిరి. భారతదేశమున జంతుశాలలోని మృగములకు ఆ వ్యాధి సోకినట్లు తెలిసినది అదియే మొదటిసారి. మనుష్యులనుండియే అది సంక్రమించియుండునని భావించిరి. ఎనిమిదియు కోలుకొన్నవి. అదే సంవత్సరము జూనులో చెన్నై దగ్గరి వండలూరు జంతుశాలలో వ్యాధి సోకిన ఆడుసింహమొకటి మరణించినది. బోనులోని సింహమునకు వైద్యుడు దాపున ఉండును. అడవిలో తిరుగు తొమ్మిది వందలకు ఆ వసతి లేదు.

కనుక సింహములలో కొన్నింటిని వేరొక అడవికి చేర్చవలెనను ఆలోచన పాతదే. 1957లో ఒక మగ, రెండు ఆడు సింహములను ఉత్తరప్రదేశ్‌లోని చంద్రప్రభ అభయారణ్యమునకు తరలించిరి. అవి పదకొండు వరకు పెరిగి, 1965 నాటికి కనిపించకుండ పోయినవి. తరువాత మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిని ఎంపిక చేసి, అక్కడి ఊళ్ళను ఖాళీ చేయించి సిద్ధపరచిరి. సింహములను పంచుకొనుటకు గుజరాతు ప్రభుత్వము ఇష్టపడలేదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సింహములను కూనోకు పంపవలెనని తీర్పు చెప్పినది. ఊళ్ళు ఖాళీ అయిన ఆ కూనోకు 2022లో నమీబియానుండి చిరుతను పోలిన చీతాలు వచ్చినవి. సింహము ఇంకను రాలేదు. 2023లో పోరుబందరు దగ్గరి బర్డా కొండలకు ఒక సింహము తనంత తానే నడచి చేరినది. 2025 లెక్క నాటికి అక్కడ పదునేడు ఉన్నవి. బర్డా కూడ సౌరాష్ట్రములోనిదే.